సుధాచంద్రన్: ‘మయూరి’ తర్వాత కథ

సుధాచంద్రన్ అనగానే మన అమ్మావాళ్ళకు ‘మయూరి’ గుర్తొస్తుంది. హిందీ సీరియళ్ళు చూసే ఇళ్ళలో అయితే పెద్ద పెద్ద బొట్లు పెట్టుకునే రమోలా సికంద్ గుర్తొస్తుంది. ఇద్దరూ ఒకరే. మొదటి కథ అందరూ చెప్తారు, రెండోది ఎవరూ చెప్పరు.

ముంబైలో పెరిగిన ఆమె చిన్ననాటి నుంచే భరతనాట్యం ప్రదర్శనలిచ్చేవారు. 1981లో తమిళనాడులోని తిరుచిరాపల్లి దగ్గర బస్సు ప్రమాదం జరిగింది. గాయం కుళ్ళిపోవడంతో కుడికాలు మోకాలి కింద తీసేశారు.

ఆ తర్వాత ఆమెను నిలబెట్టింది జైపూర్ కాలు. విదేశీ పద్ధతిలో చేసిన కృత్రిమ పాదాలు బూట్లు వేసుకునేవాళ్ళకు పనికొచ్చేవి. డాక్టర్ పి.కె. సేథీ, పనితనం తెలిసిన రామచంద్ర శర్మ కలిసి జైపూర్‌లో రూపొందించిన రబ్బరు పాదం వేరు. అది చీలమండ దగ్గర వంగుతుంది, చెప్పుల్లేకుండా నడవొచ్చు, బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చు. భరతనాట్యానికి కావలసిందీ అదే. మోకాళ్ళు పక్కలకు వంచి అరమండిలో నిలవాలి, ఉత్త పాదంతో నేలను తట్టాలి. అయితే రబ్బరు పాదానికి స్పర్శ ఉండదు. అడుగు నేలకు ఆనిందో లేదో పై కాలితోనే తెలుసుకోవాలి. అలా మళ్ళీ మొదటి నుంచి సాధన చేసి, 1984 జనవరిలో ముంబైలో వేదిక ఎక్కారు.

ఆ కథనే రామోజీరావు నిర్మాతగా, సింగీతం శ్రీనివాసరావు ‘మయూరి’గా తీశారు. తన పాత్ర తానే వేసి, ఆమె జాతీయ స్థాయిలో ప్రత్యేక జ్యూరీ అవార్డు అందుకున్నారు. 1986లో అదే కథ హిందీలో ‘నాచే మయూరి’ అయింది.

సినిమా అక్కడ అయిపోతుంది. మరి ఆ తర్వాత బతుకుతెరువు? కాలు పోయిన నర్తకి పాత్రలు ఎన్నని దొరుకుతాయి? దారి చూపింది టీవీ. 2001లో మొదలైన ‘కహీ కిసీ రోజ్’లో ఆమె విలన్. సీరియల్లో కెమెరా ఎక్కువసేపు ముఖం మీదే ఉంటుంది. భరతనాట్యం అంటే అడుగులొక్కటే కాదు కదా, అభినయం కూడా! కనుబొమ్మ ఎత్తడం, కంటిచూపు తిప్పడం నాట్యంలో ఎన్నో ఏళ్ళు సాధన చేసినవే. రమోలాను చూసి జనం తిట్టుకున్నారు, ఆ బొట్లు చూసి ముచ్చటపడ్డారు. కాలి సంగతి ఎవరికీ గుర్తే లేదు. నటిగా ఆమె గెలుపు అదే. 2007లో ‘ఝలక్ దిఖ్‌లా జా’లో పోటీకి దిగారు, 2015లో ‘నాగిన్’లో యామినిగా కనిపించారు.

కానీ 2021లో ఆమె ఒక వీడియోలో ప్రధానమంత్రికి విన్నపం చేసుకోవాల్సి వచ్చింది. విమానాశ్రయంలో ప్రతిసారీ కృత్రిమ కాలు ఊడదీసి చూపించమంటున్నారని, తనలాంటివాళ్ళకు ఒక కార్డు ఇవ్వాలని అడిగారు. భద్రతా దళం క్షమాపణ చెప్పింది. దేశమంతా తెలిసిన మనిషి పరిస్థితే అది. పేరు లేని అమ్మాయి అదే వరసలో నిలబడితే, ఆమె మాట ఎవరు వింటారు?