నీళ్లు లేని సముద్రం

చుక్క నీరు పోయకుండా, ఖరీదైన రెసిన్ జోలికి పోకుండా, అట్టపెట్టెలో కడలి అడుగును చూపించే విద్య ఇది

సంక్రాంతి బొమ్మల కొలువులో చెరువు కావాలంటే ఎవరూ బిందెతో నీళ్లు తెచ్చి పోయరు. అద్దం ముక్క పరిచి, అంచుల వెంట ఇసుక పోసి, మొలకెత్తిన మెంతులో ఆవాలో చుట్టూ పేర్చి, రెండు బాతు బొమ్మల్ని నిలబెడతారు. చూసినవాళ్లకి అది చెరువే. ఇంత మంచి కిటుకు ఇంట్లోనే ఉన్నా, సముద్ర గర్భం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరి ఆలోచనా నీళ్ల మీదికే పోతుంది. ఒక దృశ్యాన్ని చిన్న చిన్న నమూనాలతో, వెనక గీసిన బొమ్మతో పెట్టెలో కళ్లకు కట్టడాన్ని డయోరమా అంటారు. అది నీటి అడుగు దృశ్యం అయిందంటే చాలు, పిల్లలైనా పెద్దలైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: నీళ్లలా పోస్తే గాజులా గట్టిపడే రెసిన్ ఎంత పడుతుంది?

లెక్క వేద్దాం. నలభై సెంటీమీటర్ల పొడవు, పాతిక లోతు, ఇరవై ఎత్తు ఉన్న పెట్టె అంటే బల్ల మీద పట్టే మామూలు సైజు. దాన్ని నింపాలంటే 20 లీటర్లు కావాలి. కిలో వందల్లో పలికే ఎపాక్సీ రెసిన్‌తో నింపితే ఖర్చు వేలల్లోకి వెళ్తుంది. పైగా అందులోని రెండు ద్రవాలు కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. మందంగా ఒకేసారి పోస్తే ఆ వేడి బయటికి పోలేక బీటలు వస్తాయి, బుడగలు చిక్కుకుంటాయి. ఎండ తగిలే చోట ఉంచితే కొన్నాళ్లకు పసుపు తిరుగుతుంది. చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు, గాలాడే గది ఉంటే తప్ప ముట్టుకోకూడని సరుకు. వేలెడు లోతు నీటిగుంటకైతే రెసిన్‌కు సాటి లేదు, ఒప్పుకుంటాను. సముద్రం అడుగుకు మాత్రం అది దండగ.

ఎందుకంటే ఈ విద్యలో ఆరితేరినవాళ్లు నీళ్లు వాడలేదు. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో ఆండ్రోస్ పగడాల దిబ్బ డయోరమా ఉంది. రాయ్ వాల్డో మైనర్ ఆధ్వర్యంలో బహామాస్ దీవుల నుంచి 40 టన్నుల పగడాలు తెచ్చి, రెండంతస్తుల ఎత్తున కట్టి, 1935లో తెరిచారు. కింది అంతస్తులో నిలబడితే కడలి లోపల ఉన్నట్టే ఉంటుంది. అందులో చుక్క నీరు లేదు. సినిమావాళ్లదీ అదే దారి. 1990లో వచ్చిన ‘ద హంట్ ఫర్ రెడ్ అక్టోబర్’లో జలాంతర్గాముల నమూనాలను పొగ నింపిన స్టేజీ మీద వేలాడదీసి తీశారు. 1964 నాటి బ్రిటిష్ కీలుబొమ్మల సీరియల్ ‘స్టింగ్‌రే’ బృందం ఇంకా చవకైన ఉపాయం పన్నింది. కెమెరాకు, సెట్టుకు మధ్య సన్నటి అక్వేరియం తొట్టి నిలబెట్టి అందులో చేపల్ని వదిలింది. తొట్టి వెనక బొమ్మలు, గుహలు, పడవలు అన్నీ పొడిగానే ఉన్నాయి.

వాళ్లు పట్టుకున్న సూత్రం చిన్నది. నీరు కంటికి కనిపించదు, నీరు చేసే పనులు కనిపిస్తాయి. నీరు రంగుల్ని మింగుతుంది: ఐదారు మీటర్ల లోతు దాటేసరికి ఎరుపు దాదాపు మాయమై, తర్వాత నారింజ, పసుపు వరుసగా మాసిపోతాయి. దూరాన్ని దాచేస్తుంది: పది అడుగుల అవతలి రాయి ఇవతలి రాయికంటే పాలిపోయి, అంచులు కరిగిపోయి ఉంటుంది. వెలుగు పై నుంచి మాత్రమే, చెదిరిపోయి దిగుతుంది, అందుకే నీడలు పదునుగా ఉండవు. ఈ మూడూ పెట్టెలో చూపించగలిగితే చూసేవాళ్ల కన్ను మిగతా నీటిని తనే నింపుకుంటుంది.

ఏ దృశ్యం చేయాలన్నది ఎవరి ఇష్టం వాళ్లది. తెలుగు పిల్లలకైతే నేను విశాఖ తీరాన్నే చెబుతాను. ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న జలాంతర్గామి ఐఎన్ఎస్ కురుసుర లోపలికి వెళ్లి, ఇరుకు గదులు చూసి అబ్బురపడని పిల్లలు ఉండరు. అదే తీరానికి అవతల, నీటి కింద మరో జలాంతర్గామి ఉంది. అమెరికా ‘డయాబ్లో’ పేరుతో కట్టుకుని, 1964లో పాకిస్తాన్‌కు అప్పగించిన పీఎన్ఎస్ ఘాజీ అది. 1971 భారత్-పాకిస్తాన్ యుద్ధ సమయంలో, డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి మునిగిపోయింది. యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల (నీటి లోపల పేలే బాంబుల) వల్లేనని మన నౌకాదళం అంటుంది, లోపలే జరిగిన ప్రమాదమో సొంత మైను పేలుడో కారణమని పాకిస్తాన్ వైపు వాదన. లోపలున్న నావికుల్లో ఒక్కరూ బతకలేదు. 2017 నాటి ‘ఘాజీ’ సినిమాతో ఈ కథ ఇంటింటికీ తెలిసింది.

ఘాజీ పొడవు 95 మీటర్లు, వెడల్పు ఎనిమిది మీటర్ల పైచిలుకు. నమూనాలు చేసేవాళ్లు ఓడలకు ఎక్కువగా వాడే కొలత 350లో ఒక వంతు. ఆ కొలతకు పొడవు 27 సెంటీమీటర్లు అవుతుంది, వెడల్పు రెండున్నరకు కాస్త తక్కువ. అంటే కరెంటు వైరింగుకు వాడే 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపు సరిపోతుంది. ఎలక్ట్రీషియన్ దగ్గర మిగిలిపోయిన ముక్కను అడిగి తెచ్చుకోవచ్చు. రెండు చివరలా పొడుగాటి చీలికలు కోసి, వేణ్ణీళ్లలో ముంచి మెత్తబడ్డాక దగ్గరికి నొక్కి, సందుల్లో ఎంసీల్ నింపి, ఆరాక ఉప్పు కాగితంతో రుద్దితే ముక్కు, తోక వస్తాయి. పై డెక్కుకు అట్టముక్క, మధ్య గోపురానికి ఐస్‌క్రీం పుల్లలు, కమ్మీలకు వైరులోని రాగి పోగులు చాలు. ముందు భాగం దెబ్బతిన్నట్టు చూపించడానికి పైపును అక్కడ వేడి చేసి చింపినట్టు విరవాలి. ఇవి పెద్దవాళ్లు దగ్గరుండి చేయించాల్సిన పనులు. సగం ఒండ్రులో కూరుకుపోయినట్టు పెడతాం కాబట్టి కింది సగానికి పని పెట్టుకోనక్కర్లేదు.

ఒండ్రు సంగతి దగ్గర చాలామంది తప్పులో కాలేస్తారు. గోదావరి ఇసుకో బీచ్ ఇసుకో తెచ్చి పోస్తారు. అర మిల్లీమీటరు ఇసుక రేణువు ఈ కొలతలో పదిహేడున్నర సెంటీమీటర్ల రాయి! సముద్రం అడుగు కాస్తా కంకర క్వారీ అయిపోతుంది. దీనికి తగిన సరుకు మన వాకిట్లోనే ఉంది: రాతి ముగ్గు. పల్చటి గుడ్డతో జల్లించి, కట్టెల బూడిద కలిపితే బూడిద రంగు ఒండ్రు తయారవుతుంది. థర్మోకోల్ ముక్కల మీద ఫెవికోల్‌లో నానబెట్టిన న్యూస్‌పేపరు పరిచి ఎత్తుపల్లాలు చేసి, అది తడిగా ఉండగానే ఈ పొడిని జల్లెడతో చల్లాలి. ఆరాక పైపు పక్కన మరికొంచెం పోగు పెట్టి, సన్నటి బ్రష్షుతో ఒక వైపుకే తోస్తే ప్రవాహం నెట్టుకొచ్చి మేట వేసినట్టు ఉంటుంది. బియ్యప్పిండి ముగ్గు, రవ్వ, టీపొడి మాత్రం వద్దు. వాన కాలానికి బూజు, ఆ తర్వాత చీమలు.

రంగు వేసేటప్పుడు నీలం డబ్బా పక్కన పెట్టండి. మాల్దీవుల ఫొటోల నీలం మన తీరానిది కాదు. గోదావరి, కృష్ణ లాంటి నదులు మోసుకొచ్చే ఒండ్రుతో, నీటిలో తేలే సూక్ష్మ జీవులతో బంగాళాఖాతం తీరంలో నీరు ఆకుపచ్చగా, మసకగా ఉంటుంది. చార్టు కాగితాన్ని మూలలు లేకుండా వంచి పెట్టె వెనక అమర్చి, పైన పాలిపోయిన ఆకుపచ్చ, కిందికి వచ్చే కొద్దీ నలుపు కలిపిన బూడిద రంగు, మధ్యలో గీత కనపడకుండా తడి స్పాంజితో అద్దాలి. కాగితాన్ని వంచమనడం మ్యూజియాల పద్ధతే. మూల కనిపిస్తే పెట్టె గుర్తొస్తుంది. జలాంతర్గామికి తుప్పు రంగు వేసినా, దాని మీద అదే ఆకుపచ్చను నీళ్లలా పల్చగా కలిపి ఒక చేయి వేయాలి. ఆ లోతులో ఎర్రటి తుప్పు ఎర్రగా కనపడదు.

ఇప్పుడు నీరు. పెళ్లికూతురి ముసుగుకు వాడే పల్చటి నెట్టు గుడ్డ అర మీటరు చాలు, పచ్చ కలిసిన బూడిద రంగుది దొరికితే మరీ మంచిది. నేపథ్యానికి ముందు ఒక తెర, ముక్కు ముందుకు వచ్చేలా ఏటవాలుగా పెట్టిన జలాంతర్గామి తోకకు, గోపురానికి మధ్య ఇంకొకటి బిగించాలి. గుడ్డను పైపు ఆకారానికి కత్తిరించి దాని చుట్టూ సర్దితే అతుకు కనపడదు. ఒక్కో తెర దాటేకొద్దీ వస్తువు మసకబారుతుంది. ముక్కు, గోపురం స్పష్టంగా ఉంటాయి, తోక ఉందో లేదో అన్నట్టు తేలుతుంది. పాతిక సెంటీమీటర్ల పెట్టెకు సముద్రపు లోతు వచ్చేది ఇక్కడే. తెరల మధ్య జిరాక్సు షాపులో దొరికే పారదర్శక ఓహెచ్‌పీ షీటు ఒకటి నిలబెట్టి, పాత టూత్‌బ్రష్షుతో తెల్లరంగు తుంపరలు చిమ్మితే నీటిలో తేలే నలుసులు అవుతాయి. అదే షీటు మీద వెండి రంగు జెల్ పెన్నుతో చుక్కల గుంపు పెట్టండి. ఈ కొలతలో ముప్పై అయిదు సెంటీమీటర్ల చేప ఒక్క మిల్లీమీటరే. బజారు ప్లాస్టిక్ చేపను పక్కన పెడితే ఘాజీ బొమ్మ పడవ అయిపోతుంది, ఈ చుక్కలు పెడితే నిజమైన జలాంతర్గామి అంత పెద్దదవుతుంది.

వెలుగుకు అడాప్టరుతో నడిచే ఎల్‌ఈడీ స్ట్రిప్పు చాలు. పెట్టె పైకప్పుకు, ముందు వైపు మూడో వంతులోనే అతికించి, కింద బటర్ పేపరు కట్టాలి. పక్కల నుంచి లైటు పెట్టొద్దు, నీటి అడుగున పక్క నుంచి సూర్యుడు ఉండడు. చివరగా ముందు వైపు నల్ల అట్టలో చిన్న కిటికీ కోసి, లైటు గానీ పెట్టె అంచులు గానీ కనపడకుండా మూసెయ్యాలి. మొత్తం వెయ్యి రూపాయల లోపే తేలుతుంది, అందులోనూ పెద్ద వాటా లైటుదే.

జలాంతర్గామి కాకుండా పగడాల దిబ్బ చేయాలనుకునేవాళ్లకు ఒక గట్టి మాట. నిజమైన పగడాలు, సముద్రపు విసనకర్రలు, ఎండిన సముద్ర గుర్రాలు ఎక్కడైనా అమ్మకానికి కనిపిస్తే కొనొద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2001లో వీటిని షెడ్యూలు 1లో చేర్చారు, వీటి వ్యాపారం నేరం. 40 టన్నుల పగడాలు పెకలించుకెళ్లిన కాలం వేరు, సముద్రం వేడెక్కి పగడాలు పాలిపోతున్న ఈ కాలం వేరు. ఎండిన బీరకాయ పీచును అడ్డంగా కోసి పల్చటి ఫెవికోల్‌లో ముంచి ఆరబెట్టి రంగు వేస్తే స్పాంజి జీవి ఎంతో చక్కగా వస్తుంది. ఎంసీల్ ముద్ద మీద టూత్‌పిక్‌తో గుంటలు పొడిస్తే మెదడు పగడం.

ఘాజీ చేసేవాళ్లకు కూడా ఒక విన్నపం. పక్కన ప్లాస్టిక్ పుర్రెలు, నిధి పెట్టెలు పెట్టకండి. అక్కడ ఉన్నవాళ్లు శత్రు దేశపు నావికులే అయినా, విధి నిర్వహణలో పోయినవాళ్లు, ఆ నీళ్లే వాళ్ల సమాధి. పెట్టె కింద చిన్న చీటీ మీద నౌక పేరు, మునిగిన తేదీ, కారణం గురించి రెండు దేశాలూ చెప్పే మాట రాసి అతికించండి. సైన్సు ఫెయిరుకు వచ్చిన పిల్లలు ముందు ఆ చీటీ చదివి, తర్వాత కిటికీలోకి తొంగి చూసేలా పెట్టండి.