మోడ్రన్ మేడలో మన కడప బండ

'ఏందక్కా, ఇంకా ఈ నాపబండలేనా? టైల్స్ ఏయించుకోకూడదా!' కర్నూలు, కడప వైపు పాత ఇళ్లకు వచ్చే చుట్టాల నోట తరచూ వినిపించే మాట ఇది. ఆ మాటకు చిన్నబోయి, అప్పోసప్పో చేసి, ఏళ్ల తరబడి చెక్కుచెదరని బండల్ని పెకలించి పారేస్తున్నవాళ్లు ఎందరో. నాపబండంటే పాతకాలం, లేనితనం. మెరిసే టైలు, నిలువెత్తు అద్దం ఉంటేనే మోడ్రన్ ఇల్లు... ఇదీ మనలో చాలామంది లెక్క.

మరి మన దేశంలో ఆధునిక భవన నిర్మాణానికి తొలి ఉదాహరణల్లో ఒకటిగా డిజైనర్లంతా మెచ్చుకునే ఒక భవనంలో నేలకు పరిచింది ఏ రాయో తెలుసా? అచ్చంగా మన కడప నల్లబండే!

పేరు గోల్కొండ... ఊరు పుదుచ్చేరి

ఆ భవనం పుదుచ్చేరిలో అరవిందాశ్రమం వారి వసతిగృహం. పేరు 'గోల్కొండ్'. అక్కడ ఆ పేరేమిటంటారా? దాని నిర్మాణానికి విరాళం హైదరాబాదు నిజాం సంస్థానం నుంచి వచ్చింది. ఇప్పించింది ఆ సంస్థానానికి దివానుగా పనిచేసిన సర్ అక్బర్ హైదరీ. అందుకే గోల్కొండ పేరును ఫ్రెంచి పలుకుబడిలో పెట్టుకున్నారు. డబ్బూ పేరూ హైదరాబాదువైతే, కాలికింది నేల కడపది అన్నమాట!

దీన్ని రూపొందించింది ఆంటోనిన్ రేమండ్. చెక్ దేశంలో పుట్టి, అమెరికా వెళ్లి, జపాన్‌లో చాలాకాలం పనిచేసిన ఆర్కిటెక్టు. ఆయన భార్య నోయెమీ కూడా పేరున్న డిజైనరే. దగ్గరుండి పని చూసినవారిలో జార్జ్ నకషిమా ఒకరు. జపాన్ మూలాలున్న ఈ అమెరికన్ యువకుడు 1930లలో ఇక్కడికొచ్చి, ఆశ్రమవాసుల్లో ఒకడిగా కలిసిపోయారు. అరవిందులు ఆయనకు 'సుందరానంద' అని పేరు పెట్టారు. తర్వాతి కాలంలో దుంగ సహజ రూపాన్ని చెరపకుండా చేసిన బల్లలు, కుర్చీలతో ఆయన ప్రపంచ ప్రసిద్ధులయ్యారు. ఉన్న వస్తువును ఉన్నట్టుగా ప్రేమించడమే ఆయన పనితనం.

అద్దం లేదు, అయినా వెలుగే

1930ల చివర మొదలై 1940లలో పూర్తయిన ఈ భవనాన్ని బయట్నుంచి చూస్తే ఇదేం ఇల్లు అనిపిస్తుంది. గోడలుండాల్సిన చోట ఈ కొస నుంచి ఆ కొస దాకా అడ్డంగా అమర్చిన పలకలు. గదిలోంచే పిడి తిప్పితే అవి తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. ఎండ ఎంత రావాలో, గాలి ఎంత ఆడాలో గదిలో ఉన్నవాళ్ల ఇష్టం. గది తలుపులు టేకువి, పక్కకు జరిపేవి. వాటికీ సందులున్న పలకలే. గాలి వెళ్తుంది, చాటు చెడదు. పైకప్పు కూడా రెండంచెలు. స్లాబు మీద కాంక్రీటు పెంకులు కప్పి మధ్యలో గాలి ఆడేలా వదిలారు. కావలసిన పిడులు, బిగింపులు దొరక్కపోతే పాత ఇత్తడి పాత్రలు కరిగించి పోతపోయించారట!

చల్లదనం రాయిదా, నీడదా?

ఇక్కడే మనం గమనించాల్సిన సంగతి ఉంది. నల్లబండ తనంతట తాను చల్లబడదు. మిట్టమధ్యాహ్నం వాకిట్లో బండ మీద కాలు పెట్టి చూడండి, చుర్రుమంటుంది! అదే బండ ఎండ సోకని గదిలో నేలనంటుకుని ఉంటే, అడుగునున్న మట్టి చల్లదనం అరికాలికి అందుతుంది. గోల్కొండ్‌లో పలకలు ఎండను ఆపుతాయి, గాలిని రానిస్తాయి. ఆ నీడలోనే బండ హాయినిస్తుంది.

ఈ కిటుకు మన పెద్దలకు తెలియనిదేం కాదు. చౌడు మిద్దెలకు మందమైన గోడలు, చిన్న కిటికీలు, పైన మట్టి, వెలుగుకీ పొగ పోవడానికీ గవాచి ఉండేవి. ఏటా చౌడు వేసుకోవడం, వాన పడితే కారడం వంటి తిప్పలూ ఉండేవి కనుక మళ్లీ ఆ మిద్దెలే కట్టుకోమని ఎవరూ అనరు. కానీ నలభై డిగ్రీలు దాటే ఊళ్లో పడమటి గోడకు పెద్ద అద్దం బిగించి, ఆపై కరెంటు పోతే ఉడికిపోవడం మాత్రం ఏం మోడ్రన్? ఆ ఉడుకులో పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడేది ఇంటి ఆడవాళ్లే కదా!

బండకు పుట్టిల్లు

బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల (2022 నుంచి ఇవి నంద్యాల జిల్లాలోవి), కడప జిల్లాలో ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నేలంతా సున్నపురాయే. నీళ్లు తొలిచి బెలుం గుహల్ని చేసింది కూడా ఈ జాతి రాతినే. పొరలు పొరలుగా ఉండటం వల్ల ఇది పలకల్లా విడివడుతుంది. మహారాష్ట్ర వంటిళ్లలో గట్టును, అరల్నీ నేటికీ 'కడప్పా' అనే పిలుస్తారు. మన ఊరి పేరే అక్కడ రాయి పేరు!

అయితే గనిలోంచి తీసే ప్రతి బండ వెనకా దుమ్ములో కూలీల కష్టముంది, పనికిరాక మిగిలే రాళ్ల గుట్టలున్నాయి. కాబట్టి ఇంట్లో ఉన్న బండను నిలుపుకోవడం కూడా పొదుపే.

ఉన్న బండను ఇలా చూసుకోండి

* ఇది సున్నపురాయి. పులుపు పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికితే వెంటనే తుడవండి. లేకుంటే తెల్లటి మచ్చ మిగులుతుంది. యాసిడ్ అసలే వద్దు.

* రంగు వెలిస్తే మళ్లీ పాలిష్ పట్టించవచ్చు. వంటింటి గట్టుకు అప్పుడప్పుడు కాస్త కొబ్బరినూనె పూసి గుడ్డతో తుడిస్తే నలుపు తేలుతుంది.

* స్నానాలగదికి నునుపు బండ వద్దు, గరుకుదే మేలు. పెద్దవాళ్లుంటే మరీను.

* ఒకటి రెండు బండలు పగిలితే అవి మాత్రమే మార్పించండి. నేలంతా తవ్వక్కర్లేదు.

కొత్త ఇల్లు కడుతుంటే బేల్దారిని రంగుల గురించి అడిగే ముందు ఒక్క మాట అడగండి... 'మధ్యాహ్నం ఎండ ఏ గదిలో పడుతుంది, దాన్నెట్లా ఆపుతావు?' అని. దానికి సరైన జవాబు దొరికితే, కింద పరిచేది నాపబండైనా సరే, మీది మోడ్రన్ ఇల్లే!