అడాప్టర్ ఊడి రానప్పుడు

సెకండ్ హ్యాండ్ లెన్సు కొనేటప్పుడు అందరూ గాజునే చూస్తారు. గీతలున్నాయా, ఫంగస్ పట్టిందా అని టార్చి వేసి మరీ వెతుకుతారు. వెనక బిగించి ఉన్న అడాప్టర్ ఎవరి కంటా పడదు. ఇంటికి తెచ్చి తమ కెమెరాకు తగిలించబోతేనే సంగతి తెలుస్తుంది. అమ్మినాయన ఏ కాలంలోనో తన కెమెరా కోసం బిగించిన రింగు అది. ఇప్పుడు తిప్పితే కదలదు. అది ఊడితే తప్ప మన అడాప్టర్ ఎక్కదు.

ఉయ్యాలవాడ, కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ వైపు పెళ్లిళ్ల ఫొటోలు తీసే కుర్రాళ్లు మిర్రర్‌లెస్ కెమెరాలకు మారుతున్నారు. కెమెరాకే డబ్బంతా అయిపోతే లెన్సు దగ్గర చేతులు కట్టేసినట్టవుతుంది. అందుకే చూపు పాతవాటి మీదకు పోతుంది. సోవియట్ కాలపు హేలియోస్ 58 ఎంఎం, జపాన్ తకుమార్ లాంటి లెన్సులు ముఖాన్ని అందంగా చూపిస్తాయి, వెనక దీపాలను మెత్తగా కరిగిస్తాయి. అహోబిలం దారిలో నల్లమల అంచున పక్షుల కోసం తిరిగేవాళ్లకు 500 ఎంఎం మిర్రర్ లెన్సు మీద ఆశ. ఇంత మంచి వస్తువులు ఒక రింగు మూలంగా పాడైపోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. పాడుచేసేది రింగు కాదు, దాన్ని తీయాలన్న తొందర.

ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. దాన్ని అసలు తీయాలా? లెన్సు అంచు నుంచి సెన్సరు దాకా ఎంత దూరం ఉండాలో ఒక్కో మౌంటుకు ఒక్కో లెక్క. 1949లో డ్రెస్డెన్‌లో తయారైన కాంటాక్స్ ఎస్ కెమెరాతో జనంలోకి వచ్చిన ఎం42 మర లెన్సులకు అది 45.46 మిల్లీమీటర్లు. కెనన్ ఈఎఫ్‌కు 44, నికాన్ ఎఫ్‌కు 46.5, సోనీ ఈ మౌంటుకు 18. తేడాను పూడ్చేదే అడాప్టర్. మీ ఎం42 లెన్సుకు కెనన్ ఈఎఫ్ రింగు బిగిసిపోయి ఉందనుకోండి. దాని మందం 1.46 మిల్లీమీటర్లు. మీది సోనీ అయితే ఆ రింగును అలాగే ఉంచి, దాని వెనక ఈఎఫ్ నుంచి సోనీకి మార్చే అడాప్టర్ తగిలించండి. అది 26 మిల్లీమీటర్లుంటుంది. రెండూ కలిస్తే 27.46. ఎం42 లెన్సుకు సోనీ మీద కావాల్సిన దూరం సరిగ్గా అంతే. పని అయిపోయింది, రింగు జోలికి పోనక్కర్లేదు.

నికాన్ ఎఫ్ కెమెరాకు మాత్రం ఆ దారి లేదు. ఎం42కు కావాల్సిన దూరం కన్నా నికాన్ దూరమే మిల్లీమీటరు పైచిలుకు ఎక్కువ. అందుకని రింగు ఎంత పలచనైనా లెన్సు ముందుకు జరిగిపోతుంది, దూరాన ఉన్నవి ఫోకస్ కావు. ఆ లోటు తీర్చడానికి కొన్ని రింగుల్లో చిన్న గాజు పెడతారు, అది బొమ్మ నాణ్యతను తగ్గిస్తుంది. మిర్రర్‌లెస్ కెమెరా ఉన్నవాళ్లు అలాంటి గాజు రింగును తీసేయడమే మేలు.

తీయాలని తేల్చుకున్నాక, ఆళ్లగడ్డ శిల్పి ఉలి పెట్టేముందు రాయిని తట్టి చూసుకున్నట్టు, పట్టి ఉంచింది ఏమిటో చూసుకోవాలి. రింగు పక్క అంచున భూతద్దం పెట్టి చుట్టూ వెతకండి. గుండుసూది తలంత అలెన్ స్క్రూలు కనబడితే, అవి వదులు కానంతవరకూ తిప్పడం మరలను కోసుకోవడమే. మిర్రర్ లెన్సుల మీద ఉండే టీ2 అడాప్టర్లకు ఇలాంటివి మూడుంటాయి. వాటిని కొద్దిగా వదులు చేస్తే బయటి రింగు ఊడొస్తుంది, మర ఉన్న లోపలి రింగు లెన్సుకే ఉండిపోతుంది. విరిగిందని కంగారు పడొద్దు. దాని నిర్మాణమే అంత. ఆ లోపలి రింగును తర్వాత విడిగా తిప్పి తీయాలి.

ఈ టీ2, అంటే టీ మౌంటు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ లెన్సులు పాడయ్యేది ఇక్కడే. జపాన్ కంపెనీ టామ్రాన్ 1957లో తెచ్చిన ఈ మౌంటు వ్యాసం 42 మిల్లీమీటర్లే, ఎం42ది కూడా 42. కానీ మర చుట్ల మధ్య ఎడం ఎం42లో 1 మిల్లీమీటరు, టీ2లో 0.75. చూపుకు రెండూ ఒకటే. ఒకదాని రింగు ఇంకొకదాని మీదకు ఒకటి రెండు చుట్లు ఎక్కుతుంది కూడా, ఆ తర్వాత పట్టేస్తుంది. సామ్‌యాంగ్ 500 ఎంఎం లాంటి టీ మౌంటు లెన్సుకు ఎం42 రింగును బలవంతంగా ఎక్కించినవాళ్లు, ఇంకాస్త తిప్పితే సర్దుకుంటుందనుకుని దాన్ని ఇరికించేస్తారు. రింగు వంకరగా కూర్చున్నా, లెన్సుకూ దానికీ మధ్య సందు కనబడినా ఇదే జరిగిందనుకోవచ్చు. బయటికి కనిపించే మర మీద స్కేలు పెట్టి 3 మిల్లీమీటర్లలో ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టండి. మూడుంటే ఎం42, నాలుగుంటే టీ2. ఇలా ఇరుక్కున్నదాన్ని ముందుకు ఒక్క వెంట్రుకవాసి కూడా తిప్పకూడదు. వచ్చిన దారిలోనే వెనక్కి పోనివ్వాలి.

స్క్రూలు లేవు, మర సరైనదే, అయినా కదలడం లేదంటే ఎండిపోయిన గ్రీజు, మరల్లో చేరిన నల్లరేగడి దుమ్ము, ఎవరో వేసిన జిగురు, లేదా అల్యూమినియం మీద అల్యూమినియం రాసుకుని పట్టేయడం కారణమై ఉంటుంది. ఇక్కడే చాలామంది పట్టకారు అందుకుంటారు. పట్టకారు రింగును రెండు వైపుల నుంచి నొక్కుతుంది. పలచని రింగు కోడిగుడ్డు ఆకారానికి తిరిగి, నొక్కిన రెండు చోట్లా మరలు ఇంకా గట్టిగా కరుచుకుంటాయి. ఎంత బలంగా పడితే అంత గట్టిగా బిగుస్తుంది. ఒత్తిడి చుట్టూ సమంగా పడాలి. పంక్చర్ షాపులో పాత సైకిల్ ట్యూబు ముక్క అడిగి తెచ్చుకోండి. సబ్బుతో కడిగి ఆరబెట్టి, బల్ల మీద పరిచి, లెన్సును నిలువుగా నిలబెట్టి రింగు ముఖాన్ని దాని మీద ఆనించండి. పైనుంచి అరచేత్తో నొక్కుతూ లెన్సును తిప్పండి. ఎటు తిప్పాలో ముందే తేల్చుకోండి. రింగు మీ వైపు ఉన్నప్పుడు అది గడియారం ముల్లుకు ఎదురుగా తిరగాలి. లెన్సును ఫోకస్ రింగు దగ్గర పట్టుకుంటే బలమంతా లోపలి మరల మీద పడి అవి దెబ్బతింటాయి. అడాప్టర్‌కు దగ్గరగా, కదలని భాగాన్ని పట్టుకోవాలి.

కెనన్ ఈఎఫ్ రింగుకు ఇంకో మంచి ఉపాయం ఉంది. గాజు లేని ఈఎఫ్ ఎక్స్‌టెన్షన్ ట్యూబు, లోహంతో చేసినది, ఒకటి సంపాదించి లెన్సును రింగుతో సహా దానికి తగిలించండి. రింగుకు గాడి ఉంటే ట్యూబులోని పిన్ను అందులో పడి రింగును ఆపేస్తుంది. చేతికి అందని రింగుకు పిడి దొరికినట్టే. లాక్ తీయకుండా లెన్సును తిప్పితే మర విప్పుకుంటుంది. ఈ పని కెమెరా బాడీతో చేయొద్దు, పిన్ను విరిగితే నష్టం ఎక్కువ.

జిగురు ఉందనిపిస్తే పుల్ల కొనతో ఒక్క చుక్క అసిటోన్ రింగు సందులో పెట్టండి. లెన్సును రింగు కిందికి ఉండేలా పట్టుకుంటే చుక్క లోపలికి పోదు. అసిటోన్ ప్లాస్టిక్‌నూ రంగునూ తినేస్తుంది, జాగ్రత్త. తుప్పు వదిలించే స్ప్రే మాత్రం లెన్సు దగ్గరకే రానివ్వకూడదు. నూనె పాకి అపెర్చర్ రేకుల మీద చేరితే అవి అతుక్కుపోతాయి.

వేడి పెట్టి తీయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. లెక్క చూడండి. 42 మిల్లీమీటర్ల అల్యూమినియం రింగు 50 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది 0.05 మిల్లీమీటర్లలోపు. లోపల ఇత్తడి ఉంటే అదీ పెరుగుతుంది, తేడా 0.01 కూడా ఉండదు. వేడి వల్ల లాభం గ్రీజునూ జిగురునూ మెత్తబరచడం వరకే. ఆ వేడి లెన్సు లోపలికి పోతే ఫోకస్ గ్రీజు కరిగి కారుతుంది, పాత లెన్సుల్లో గాజు పలకలను అతికించిన కెనడా బాల్సమ్ మెత్తబడుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో రింగుకు మాత్రమే, చెయ్యి ఓర్చుకునేంత వేడి చాలు. మే నెల ఎండలో కారు డాష్‌బోర్డు మీద పెట్టడం, ఫ్రిజ్‌లో పెట్టడం రెండూ వద్దు. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజుకు చెమ్మ పడుతుంది, చెమ్మ ఉన్నచోట ఫంగస్ మొలుస్తుంది.

ఇవేవీ పనిచేయకపోతే రింగును బలి ఇవ్వాలి. అది చవక వస్తువు, మళ్లీ కొనుక్కోవచ్చు. నగల పనివాళ్లు వాడే సన్నని రంపంతో రింగును అడ్డంగా ఒకచోట, మర దాకా పోకుండా కోసి, ఆ గాడిలో స్క్రూడ్రైవరు పెట్టి మెల్లగా మెలితిప్పితే చీలి వదులవుతుంది. కోసేముందు వెనక గాజును, సందులను టేపుతో పూర్తిగా మూసేయాలి. లోహపు పొడి లోపలికి పడితే తర్వాత బాగుచేయడం కష్టం. చెయ్యి నిలవదనుకుంటే లేత్ పనివాడి దగ్గరకు పోవడమే మంచిది.

ఊడి వచ్చాక మరలను పాత టూత్ బ్రష్‌తో శుభ్రం చేసి, కొత్త అడాప్టర్‌ను ముందు రెండు వేళ్లతో తిప్పి చూడండి. వేళ్లతో సాఫీగా ఎక్కితేనే అది దాని మర. తర్వాత దూరపు కొండ మీదకు ఫోకస్ చేయండి. ఫోకస్ రింగు చివరి దాకా పోయినా కొండ మసకగానే ఉంటే అడాప్టర్ మందం ఎక్కువైనట్టు, దాన్ని మార్చుకోవాలి.