జంట ఉపగ్రహాలు జత తప్పకుండా ఎలా ఎగురుతాయి?

ముందు పోతున్న ఉపగ్రహాన్ని అందుకోవాలంటే వెనకది ఏం చెయ్యాలి? వేగం పెంచాలంటాం. పెంచితే ఇంకా వెనకబడుతుంది! ముందుకు తోసుకున్న ఉపగ్రహం పై కక్ష్యలోకి ఎక్కుతుంది. అక్కడ చుట్టు పెద్దది, నడక నెమ్మది. అందుకోవాలంటే బ్రేకు వెయ్యాలి. కిందికి దిగి, చిన్న చుట్టు తిరిగి, ముందుదాన్ని కలుసుకుని, మళ్లీ పైకెక్కాలి.

ఇంత తిరకాసు ఉన్న చోట రెండు ఉపగ్రహాలను మిల్లీమీటరు లెక్కన వరుసలో నిలబెట్టాలని ఐరోపా అంతరిక్ష సంస్థ పూనుకుంది. ప్రోబా-3 అనే ఆ జంట 2024 డిసెంబరు 5న మన శ్రీహరికోట నుంచే, పీఎస్‌ఎల్‌వీ-సీ59 మీద బయల్దేరింది.

ఎందుకంత పట్టుదల?

సూర్యుడి చుట్టూ ఉండే కరోనా కోసం. అది సూర్యబింబం కంటే దాదాపు పది లక్షల రెట్లు మసక. సంపూర్ణ గ్రహణం నాటి కొద్ది నిమిషాల్లోనే కంటికి కనబడుతుంది. టెలిస్కోపు ముందు ఒక బిళ్ల అడ్డం పెడితే రోజూ చూడొచ్చు కదా? పెడుతూనే ఉన్నారు. కానీ బిళ్ల అంచు దగ్గర వెలుగు వంగి లోపలికి చొరబడుతుంది. కరోనాలో సూర్యుడికి దగ్గరి భాగం ఆ వెలుగులో పడి కనబడకుండా పోతుంది. బిళ్లను దూరం జరిపినకొద్దీ ఈ చొరబాటు తగ్గుతుంది. అలాగని నూట యాభై మీటర్ల కడ్డీ చివర బిళ్ల బిగించి రాకెట్‌లో పెట్టలేరు. అందుకని కడ్డీనే తీసేశారు: బిళ్ల ఒక ఉపగ్రహానికి, టెలిస్కోపు ఇంకోదానికి.

బిళ్ల అడ్డకొలత 1.4 మీటర్లు. సుమారు 150 మీటర్ల దూరం వెళ్లేసరికి దాని చిక్కటి నీడ ఎనిమిది సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. టెలిస్కోపు నోరు ఐదు సెంటీమీటర్లు. అటూ ఇటూ మిగిలే జాగా ఒకటిన్నర సెంటీమీటరు. నీడ అంచుకు జరిగితే వంగిన వెలుగు ఎక్కువ పడుతుంది కనుక నట్టనడుమ నిలవాల్సిందే.

ఎలా నిలుస్తాయి?

ముందు ఒకదాన్నొకటి చూసుకోవాలి. బిళ్ల ఉపగ్రహంలోని కెమెరాలు రెండోదాని మీది ఎల్‌ఈడీ దీపాలను వెతికి పట్టుకుంటాయి. తర్వాత లేజర్ కిరణం వెళ్లి, అక్కడి అద్దానికి తగిలి తిరిగొచ్చి, దూరాన్నీ పక్కవాటునూ మరింత నికరంగా చెబుతుంది. టెలిస్కోపు నోటి చుట్టూ ఉన్న సెన్సర్లు, నీడ ఏ పక్కకు ఒరిగినా వెలుతురు తేడాను బట్టి పసిగడతాయి. అప్పుడు బిళ్ల ఉపగ్రహం గ్యాసును సన్నగా ఊది సర్దుకుంటుంది. ఒక్కో థ్రస్టరు తోపు 10 మిల్లీన్యూటన్లు, అంటే ఒక గ్రాము బరువు అరచేతిని నొక్కినంత. ఈ సర్దుబాట్లన్నీ ఉపగ్రహాల్లోని కంప్యూటర్లే చూసుకుంటాయి. భూమి మీద కూర్చుని ఒక్కో తోపూ చెప్పడం అయ్యే పని కాదు.

మరి ఇంధనం అయిపోదా?

ఎప్పుడూ ఇలాగే పట్టుకుని ఉంటే అయిపోతుంది. వీటి కక్ష్య బాగా సాగదీసిన దీర్ఘవృత్తం: దగ్గరి కొస 600 కిలోమీటర్లు, దూరపు కొస 60,000 కిలోమీటర్లకు పైన. భూమి దగ్గర 150 మీటర్ల ఎడానికే రెండింటి మీద ఆకర్షణలో తేడా గట్టిగా ఉంటుంది. దూరాన అది ఎంతగానో తగ్గిపోతుంది. సూర్యకాంతి వాటిని వేర్వేరుగా నెట్టడం మాత్రం అక్కడా ఉంటుంది, కానీ ఆ కాస్తా సవరించుకోవచ్చు. అందుకే ఇరవై గంటలకు కాస్త తక్కువ పట్టే చుట్టులో పైకొసన ఆరు గంటలే వరుస కడతాయి. కిందికి దిగేముందు ఢీకొనకుండా చిన్న తోపు ఇచ్చుకుని, ఎవరి దారిన వారు పోతారు. భూమి దగ్గర జీపీఎస్‌తో ఎవరెక్కడున్నదీ చూసుకుని, పైకి వెళ్తూ మళ్లీ కలుస్తారు. మొత్తం పథకంలో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా తోచేది ఈ వదిలెయ్యడమే. ఇలా తెప్పించిన గ్రహణంలో తీసిన తొలి కరోనా చిత్రాలు 2025 జూన్‌లో విడుదలయ్యాయి.

అన్ని జంటలకూ ఇంత నికరం కావాలా?

అక్కర్లేదు. 2002లో ఎగిరిన గ్రేస్ అనే ఉపగ్రహాల జంట మధ్య దూరం సుమారు 220 కిలోమీటర్లు. దాన్ని మారనివ్వకుండా బిగించలేదు, మారనిచ్చి కొలిచారు. కింద బరువు ఎక్కువున్న చోట ముందుది ముందుగా లాగబడుతుంది, ఎడం కాస్త పెరుగుతుంది. నేలకింది నీరు తరిగితే ఆ లాగుడూ తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల్లోంచే పంజాబ్, హర్యానా, రాజస్థాన్‌లలో భూగర్భజలం ఎంత వేగంగా తరిగిపోతోందో 2009లో లెక్క తేల్చారు.