అటక మీది పాత అక్వేరియం మళ్ళీ వాడవచ్చా?

వేసవి సెలవుల్లో ఇల్లు సర్దేటప్పుడు, సున్నాలు వేయించేటప్పుడు అటక మీది పాత సామాను కిందికి దిగుతుంది. అందులో ఒక గాజు అక్వేరియం కనబడిందంటే పిల్లలు ఊరుకోరు. చేపలు తెమ్మని పట్టుబడతారు. పెద్దమందడి వంటి ఊళ్ళలో కొత్తది కొనాలంటే వనపర్తికో, మహబూబ్‌నగర్‌కో వెళ్ళాలి. ఉన్నదే కడిగి వాడుకుంటే పోలా అని పెద్దలకూ అనిపిస్తుంది.

అందులో తప్పు లేదు. అయితే ఐదేళ్ళో పదేళ్ళో ఎండి ఉన్న అక్వేరియంలో నీళ్ళు నింపే ముందు గాజు, అతుకు, కరెంటు, మురికి అనే నాలుగు విషయాలు చూసుకోవాలి. వీటిలో ఏది చెడినా నష్టం చేపలతో ఆగదు, ఇంట్లో వాళ్ళ దాకా వస్తుంది.

నీటి బరువు ఎంత?

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న అక్వేరియంలో సుమారు 55 లీటర్ల నీళ్ళు పడతాయి. అంటే 55 కిలోలు. గాజు, ఇసుక, రాళ్ళు కలిపితే 25 కిలోల బియ్యం బస్తాలు మూడు ఒకచోట పెట్టినట్లే. ముందు వైపు అద్దాన్ని నీళ్ళు సుమారు 28 కిలోల బలంతో బయటికి నెడుతూ ఉంటాయి. పొడవు అదే ఉండి ఎత్తు రెండింతలైతే ఈ నెట్టుడు నాలుగింతలవుతుంది. ఈ భారమంతా మోసేది అద్దాల మధ్యనున్న సన్నని సిలికాన్ అతుకే.

జర్మనీలోని బెర్లిన్ నగరంలో ఒక హోటల్లో ఉన్న బ్రహ్మాండమైన అక్వేరియం 2022 డిసెంబరు 16 తెల్లవారుజామున బద్దలైంది. సుమారు 10 లక్షల లీటర్ల నీళ్ళు, 1,500 చేపలు బయటపడ్డాయి. జనం లేని వేళ కావడం వల్ల ఇద్దరికి మాత్రమే గాయాలయ్యాయి. మరమ్మతులు ముగిసి అది తిరిగి తెరుచుకున్నది అదే సంవత్సరం. మన ఇంటి తొట్టి అంత పెద్దది కాకపోయినా, పక్కన ఆడుకునే పసివాడికి పగిలిన అద్దం ముక్క ఒక్కటి చాలు.

మొదటి ప్రశ్న: ఇన్నాళ్ళూ అందులో ఏముంది?

మన పల్లెల్లో ఖాళీ తొట్టి ఖాళీగా ఉండదు. పురుగుమందు డబ్బాలు, మందు కలిపిన వేరుశనగ విత్తనాలు, మైలుతుత్తం, పెయింటు, కిరోసిన్ వంటివి అందులో పెట్టి ఉంటే ఆ తొట్టిని చేపలకు వాడకండి. సిలికాన్ కొన్ని మందులను పీల్చుకొని తరువాత మెల్లగా నీళ్ళలోకి వదలగలదు. ఇనుప చట్రం, గట్టి పుట్టీతో చేసిన బాగా పాతకాలపు తొట్టి అయితే ఆ పుట్టీలో సీసం ఉండవచ్చు. దాన్ని గీకడం, కాల్చడం చేయవద్దు. పిల్లల చేతికి ఇవ్వవద్దు.

అటక మీద నుంచి దించగానే లోపల చెయ్యి పెట్టకండి. పాత రాళ్ళు, బొమ్మల కింద తేళ్ళు, జెర్రులు ఉంటాయి. ముందు కర్రతో కదిలించి చూడండి. దుమ్ము దులిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఉబ్బసం ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి.

గాజు, అతుకు పరీక్ష

తొట్టిని ఎండలో పెట్టి అన్ని వైపుల నుంచి చూడండి. అద్దంలో సన్నని బీట కనబడినా దాన్ని నీళ్ళకు వాడవద్దు. పైన గమ్ము పూసినంత మాత్రాన పగిలిన అద్దానికి బలం రాదు. అంచులు చిట్లి ఉన్నా అంతే.

తరువాత సిలికాన్ అతుకును గోటితో నొక్కండి. రబ్బరులా మెత్తగా సాగాలి. గట్టిపడి పొడిపొడిగా రాలినా, అద్దం నుంచి ఊడి లేచినా, లోపల గాలి బుడగల్లా తెల్లని మచ్చలు కనబడినా అతుకు పాడైనట్లే. పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ సరిగా అంటుకోదు. పాతదంతా బ్లేడుతో తీసి మళ్ళీ వేయాలి. ఇది తెలిసినవాళ్ళ చేత చేయించుకోవడం మంచిది. బాత్‌రూముల కోసం అమ్మే బూజు పట్టని సిలికాన్‌లో చేపలను చంపే మందు ఉంటుంది. అది వద్దు.

నీళ్ళ పరీక్ష ఇలా చేయండి:

1. ఇంటి బయట, చదునైన నేల మీద, థర్మాకోల్ షీటు పరిచి తొట్టిని పెట్టండి. కింద పాత న్యూస్‌పేపర్ వేయండి. తడి వెంటనే తెలుస్తుంది.
2. ముందు మూడో వంతు నింపి కొన్ని గంటలు ఆగండి. తరువాత సగం, ఆ తరువాత పూర్తిగా నింపండి.
3. నిండా నింపాక రెండు మూడు రోజులు చూడండి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి.
4. నీళ్ళున్న తొట్టిని ఎప్పుడూ ఎత్తవద్దు, జరపవద్దు.

పరీక్ష కాగానే నీళ్ళు పారబోయండి. చేపలు లేని నీళ్ళు వారం పది రోజులు నిలవుంటే దోమలు పుడతాయి.

కరెంటుతో జాగ్రత్త

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇక్కడే ఉంది. పాత మోటారు, లైటు, హీటరు వైర్లను ఎలుకలు కొరికి ఉండవచ్చు. పైతొడుగు ఎండి పగిలి ఉండవచ్చు. నీళ్ళు, 230 వోల్టుల కరెంటు ఒకచోట ఉన్నప్పుడు టేపు చుట్టి సరిపెట్టుకోకూడదు. అటువంటివాటిని పారవేసి కొత్తవి కొనండి. మన ఎండలకు చాలా చేపలకు హీటరు అవసరమే ఉండదు.

గాలి పంపును నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్ళు పైపు గుండా వెనక్కి వచ్చి పంపులోకి చేరతాయి. వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా ఉంచితే, కారిన చుక్క ప్లగ్గులోకి పోకుండా నేల మీద పడుతుంది. షాకు తగలగానే కరెంటు ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. స్విచ్చి ఇంట్లో ఉంటే మంచిది. నీళ్ళలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గులన్నీ తీసివేయండి. ఎవరికైనా షాకు కొడితే వారిని ముట్టుకోకండి. మెయిన్ ఆపి 108కి ఫోన్ చేయండి.

మురికి, రోగాలు

డెంగ్యూ తెచ్చే దోమ పాత్ర లోపలి గోడకు గుడ్లు అంటించి పోతుంది. అవి నీళ్ళు లేకపోయినా నెలల తరబడి బతికి, తడి తగలగానే పిల్లలవుతాయి. కాబట్టి వాన నీళ్ళలో తడిసి ఉన్న పాత తొట్టిని ఊరికే తొలిస్తే చాలదు. గోడలను గట్టిగా రుద్ది కడగాలి. చేపలు వేశాక భయం తక్కువ. గప్పీ, గంబూసియా వంటి చేపలు దోమ పిల్లలను తింటాయి.

తెల్లగా పట్టిన ఉప్పును నిమ్మరసంతో గానీ వెనిగర్‌తో గానీ రుద్దండి. సబ్బు, ఫినాయిల్, యాసిడ్ వద్దు. బ్లీచింగ్ నీళ్ళతో కడగవచ్చు కానీ, నిమ్మరసం, వెనిగర్, యాసిడ్‌లలో దేనితోనూ బ్లీచింగ్‌ను కలపకండి. విషవాయువు వస్తుంది. ముందుదాన్ని పూర్తిగా కడిగిన తరువాతే రెండోది వాడాలి. చివరికి మంచి నీళ్ళతో చాలాసార్లు కడిగి ఎండబెట్టండి. క్లోరిన్ కలిసిన నల్లా నీళ్ళను ఒక రోజు మూత లేని పాత్రలో ఉంచి వాడండి.

చేపలు పెంచేవారు ఒక చర్మవ్యాధి గురించి తెలుసుకోవాలి. క్షయ క్రిమి కుటుంబానికే చెందిన ఒక క్రిమి చేపల తొట్టి నీళ్ళలో ఉండవచ్చు. దీన్ని మొదట 1926లో అమెరికాలోని ఫిలడెల్ఫియా అక్వేరియంలో చనిపోయిన చేపల్లో గుర్తించారు. చేతి మీద గాయం ఉంటే దాని గుండా లోపలికి వెళ్ళి, కొన్ని వారాల తరువాత ఎర్రని గడ్డగా లేస్తుంది. మెల్లగా పుండు పడుతుంది, చెయ్యి పైకి వరుసగా గడ్డలు రావచ్చు. ఒకరి నుంచి ఒకరికి అంటదు. కానీ మామూలు మందులకు తరచుగా లొంగదు, నెలల తరబడి చికిత్స కావాలి. మానని గడ్డతో డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు "మా ఇంట్లో చేపల తొట్టి ఉంది" అని తప్పక చెప్పండి. ఆ ఒక్క మాటతో రోగం త్వరగా దొరుకుతుంది.

చేతికి గాయమున్నవారు, షుగర్ ఉన్నవారు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు గ్లౌజులు లేకుండా తొట్టి కడగకూడదు. పైపును నోటితో పీల్చి నీళ్ళు తీయవద్దు. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి. గాజు కోసుకుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. లోతుగా దిగిన ముక్కను మీరే లాగకుండా ఆసుపత్రికి రండి. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చెప్పండి.

చివరికి ఏం చేయాలి?

బీట లేదు, అతుకు మెత్తగా ఉంది, మందులేవీ పెట్టలేదు, మూడు రోజుల పరీక్షలో చుక్క కారలేదు అంటే నిశ్చింతగా వాడుకోండి. బరువు మోసే గట్టి స్టాండు మీద, పసిపిల్లలు పట్టుకొని లాగలేని చోట పెట్టండి. వీటిలో ఒక్కటి తప్పినా అందులో నీళ్ళు పోయకండి. అద్దాలు బాగుంటే మట్టి నింపి మొక్కలు పెంచుకోవచ్చు. బీట ఉంటే గోనెసంచిలో చుట్టి, చెత్త తీసేవారి చేతులు కోసుకోకుండా "గాజు" అని చెప్పి ఇవ్వండి.