తెలివి ఒక్కటేనా?

"మా వాడు ఉత్త మొద్దండీ, లెక్కలు బొత్తిగా రావు" అని కన్నతల్లే నలుగురిలో అంటూంటే నాకు మనసు చివుక్కుమంటుంది. లెక్కలు రాకపోతే రావనండి. తెలివే లేదని తీర్పు చెబితే, ఆ పసివాడు దాన్నే నమ్మి కూర్చుంటాడు!

తెలివిని కొలిచే పరీక్షను 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, సైమన్ అనే ఇద్దరు తయారుచేశారు. ఎందుకు? చదువులో వెనకబడ్డ పిల్లలను గుర్తించి, వాళ్ళకు తగిన బోధన ఏర్పాటు చేయడానికి! శిక్షణతో తెలివి పెరుగుతుందనే బినే నమ్మకం. రానురాను జనం ఆ మాట మరిచి, అంకెను మాత్రం పట్టుకున్నారు.

1983లో హోవర్డ్ గార్డ్‌నర్ అనే అమెరికన్ పండితుడు, తెలివి ఒకటి కాదు, ఏడు రకాలన్నాడు: మాట, తర్కం, ఆకృతి, సంగీతం, శరీర కౌశలం, ఎదుటివారిని ఎరగడం, తన్ను తాను ఎరగడం. ప్రకృతిని పోల్చుకొనే తెలివిని తరువాత చేర్చాడు. ఇవన్నీ వేరువేరు తెలివులనడానికి రుజువులు చాలవని ఆక్షేపించిన శాస్త్రజ్ఞులూ చాలామందే ఉన్నారు. ఆ వాదం వాళ్ళకు వదిలేసి, మన చుట్టూ చూద్దాం.

నందికొట్కూరు దగ్గర మా పగిడ్యాలలో పిడికెడు మట్టి నలిపి, విత్తనానికి పదునుందో లేదో చెప్పే రైతు ఏ పరీక్ష ప్యాసయ్యాడు? మా నంద్యాల జిల్లాలోనే ఆళ్ళగడ్డ శిల్పులున్నారు. బండరాతిలో దాగిన మూర్తిని ముందు మనసులో చూస్తారు. ఆ తరువాతే ఉలి పడుతుంది. కాని చూపొక్కటే చాలదు. ముఖం పొడవును 'తాలం' అంటారు. దాన్నిబట్టే తక్కిన అంగాలకు కొలతలు. అంటే శిల్పి చేతిలో ఉన్నది నిష్పత్తుల లెక్కే కదా!

అవధాని సంగతీ అంతే. ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల లాగుతూంటే, పద్యాలు కడుతూ, మధ్యలో గంటలు లెక్కపెడుతూ, చివరికి అన్నీ అప్పజెబుతాడు. తిరుపతి వేంకట కవులు ఊరూరా చూపిన ఆ విద్యకు ప్రతిభతోపాటు సాధన కూడా కావాలి.

అలాగని లెక్కలు మానిపించమనడంలేదు. వచ్చిన విద్య తలుపు తీసి, రాని విద్యను లోపలికి పిలవమంటున్నాను. 15 చుక్కలు, 8 వరకు, సందు చుక్క పెట్టి తప్పులేకుండా ముగ్గు వేసే అమ్మాయికి, "మొత్తం చుక్కలెన్ని?" అని అడిగి చూడండి. వాకిట్లోనే కూడికలు మొదలవుతాయి. పాట వచ్చిన పిల్లవాడికి తాళంలోనే భిన్నాలు చెప్పవచ్చు.

మార్కుల కాగితం ఇంటికొచ్చిన రోజున, "ఎన్ని వచ్చాయిరా?" అన్న తరువాత, "నీకు ఏం చేస్తుంటే పొద్దు తెలియదురా?" అని కూడా అడగండి. జవాబు ఓపికగా వినండి. పాఠం అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.