ఇరువది రెండవ యేట మొదలిడిన ఇంగ్లీషు

*ఇంగ్లీషు చదువుకై బ్రిస్టల్ రేవునకు పోవు మన పిల్లలకు, ఆ నగరముననే సమాధియైన ఒక వంగదేశీయుని కథ*

సంపాదకులు అప్పగించిన పని స్పష్టముగానే యుండెను: బ్రిటనులో ఇంగ్లీషు నేర్వబోవు మన పిల్లల కొఱకు, ఉల్లాసమునకు పేరుపడిన బ్రిస్టల్ రేవు నగరమును గూర్చి, చదువు, బస, వీసా, వాతావరణము అన్నియు కలిసివచ్చునట్లు ముఖచిత్ర కథనము వ్రాయవలెను, గురువారము సాయంకాలమునకు ప్రతి వారి చేతికందవలెను. భాషాపాఠశాలల ప్రకటన పత్రములను, పరీక్షల వివరములను బల్లపై పేర్చుకొని కూర్చుంటిని. వాని నడుమ, 1817లో లండనున అచ్చుపడిన యొక పీఠికలోని కొన్ని వాక్యములు నా కంటబడెను. అంతటితో తక్కిన కాగితములన్నియు వెలవెలబోయినవి.

పీఠికాకర్త జాన్ డిగ్బీ, ఈస్టిండియా కంపెనీ కొలువున రంగపురమునకు కలెక్టరుగా నుండినవాడు. గ్రంథము రాజా రామమోహన రాయలవారు ఇంగ్లీషున వెలయించిన కేనోపనిషత్తు, వేదాంత సంగ్రహముల పునర్ముద్రణము. తన యొద్ద దివానుగా పనిచేసిన యీ మహనీయుని ఆంగ్ల పాఠకులకు పరిచయము చేయుచు, డిగ్బీ దొర వట్టి పొగడ్తకు పూనుకొనక, ఆయనకు ఇంగ్లీషు అబ్బిన క్రమమును ఉన్నదున్నట్లు చెప్పెను. ఇరువది రెండవ యేట మొదలిడెనట, పట్టుదలతో సాగింపలేదట, అయిదేండ్ల తరువాత తమకు పరిచయము కలిగిన నాటికి, మిక్కిలి సామాన్యమైన విషయములపై ఎదుటివారికి బోధపడునంత మాత్రము మాటలాడగలిగెను గాని, తప్పులు లేకుండ వ్రాయుట చేతగాలేదట. సతీసహగమనమును రూపుమాపుటకై పోరాడినవాడు, బ్రహ్మసమాజ స్థాపకుడు, ఒకనాడు మన తరగతులలో వెనుకబల్లపై బెదరుచు కూర్చుండు కుఱ్ఱవాని స్థితిలోనే యుండెనని దీనివలన తెలియుచున్నది.

పిమ్మట జరిగినదే మరల మరల చదువదగిన భాగము. దివానుపనిలో కలెక్టరుగారి కచేరీ ఉత్తరప్రత్యుత్తరములను ఆయన శ్రద్ధతో పరిశీలించుచు వచ్చెను, ఐరోపీయులకు ఉత్తరములు వ్రాసెను, వారితో సంభాషించెను, ఇంగ్లీషు వార్తాపత్రికలను విడువక చదువుచుండెను, అందును ఐరోపాఖండ రాజకీయములన్న ఆయనకు మక్కువ, నెపోలియను ప్రతాపమన్న అబ్బురము. ఇట్లు సాగి సాగి, చక్కని ఇంగ్లీషు వ్రాయుటకును మాటలాడుటకును సమర్థుడయ్యెనని డిగ్బీ సాక్ష్యము. ఈ వర్ణనలో వ్యాకరణ గ్రంథము పేరు లేదు, బడి పేరు లేదు. ఉత్తరములున్నవి, పత్రికలున్నవి, మనుష్యులున్నారు. అన్నిటికిని మించి, సముద్రములకావల ఏమి జరుగుచున్నదో తెలిసికొని తీరవలెనను ఆరాటమున్నది. భాష ఆ ఆరాటము వెంట వచ్చినది.

ఆయన ఒట్టిచేతులతో ఇంగ్లీషున కడుగుపెట్టినవాడు కాడని కూడ చెప్పవలెను. బంగాళీ మాతృభాష, సంస్కృతము, అరబ్బీ, పారసీకము అదివరకే కరతలామలకములు, ఏకేశ్వరారాధనను గూర్చిన ఆయన తొలి పుస్తకము, అరబ్బీ పీఠికతో, పారసీక భాషలో వెలువడినది. మాతృభాషలో వాదింప నేర్చినవానికి పరభాషలో వాదించుట కొంత ఆలస్యముగానైనను తప్పక వచ్చుననియు, ఇంట తెలుగు మాన్పించి పిల్లలకు ఇంగ్లీషు గరపజూచువారు పునాది పెరికి మేడ కట్టదలచుచున్నారనియు నాకు చిరకాలముగా గల నమ్మకము ఈ వృత్తాంతముచే దృఢపడినది. 1823లో ఆయన గవర్నర్ జనరల్ ఆమ్హర్స్టు ప్రభువునకు వ్రాసిన ప్రసిద్ధమైన లేఖలో కోరినదియు గణితము, ప్రకృతి తత్త్వశాస్త్రము, రసాయనము, శరీరశాస్త్రము. ఇంగ్లీషు ఆయన కంటికి ఆ విద్యలకు దారి.

1831 ఏప్రిలులో లివర్‌పూల్ రేవున దిగి, లండనున రెండేండ్లకు పైగా గడిపి, 1833 సెప్టెంబరు మొదట ఆయన బ్రిస్టల్‌కు వచ్చి, నగరపు పొలిమేరలోని స్టేపుల్టన్ గ్రోవ్ అను భవనమున అతిథిగా నుండెను. ల్యూయిన్స్ మీడ్ ప్రార్థనామందిరపు యూనిటేరియన్ బోధకుడు లాంట్ కార్పెంటరు ఆయనకు ఆప్తుడు. ఆ దినములలోనే యొకనాడు ఊరి పండితులు కొందరు అచట చేరి, ధర్మమును గూర్చియు, హిందూదేశ భవిష్యత్తును గూర్చియు ప్రశ్నలపై ప్రశ్నలు వేయగా, రాయలవారు మూడు గంటల కాలము నిలువుకాళ్లపై నిలిచి సమాధానములు చెప్పిరట. కొలదిదినములకే జ్వరము సోకినది. సెప్టెంబరు 27న కన్ను మూసిరి. బానిసత్వ నిర్మూలన శాసనమునకు రాజముద్ర పడి అప్పటికి నెల దినములు.

నేడు మన విద్యార్థి ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో మాటలాడవలసినది 11 నుండి 14 నిమిషములు. పరీక్ష అనవసరమని నేననను. విశ్వవిద్యాలయమునకు ఒక కొలబద్ద కావలయును. కాని, తొమ్మిది మెట్ల ఆ కొలతలో అరమెట్టు కొఱకు మాసముల తరబడి కంఠస్థము చేసిన జవాబులు, స్టేపుల్టన్ గ్రోవ్‌లో వలె ఎదుటివాడు వదలక నిలదీసిన వేళ ఒక్క నిమిషమైనను నిలువవు. చెప్పదలచిన విషయము కడుపులో లేనివానికి ఏ శిక్షణ కేంద్రమును మాటల నీయజాలదు. ఉన్నవానికి బ్రిస్టల్ వీథులే చాలును.

ఆ వీథులలో వినవచ్చు ఇంగ్లీషు మన పాఠ్యపుస్తకములది కాదు. లండనువారు మ్రింగివేయు రేఫను బ్రిస్టల్‌వారు నిండుగ పలుకుదురు. మనవారి చెవికిది మేలే. అచ్చుతో ముగియు మాటల చివర లకారమును చేర్చి, ‘ఐడియా’ను ‘ఐడియల్’ అనుట వృద్ధుల నోట నేటికిని వినవచ్చును. ఒక చోటెక్కడనని అడుగవలసినపుడు ‘వేర్స్ దట్ టు?’ అందురు. బస్సు దిగు ప్రతివాడును ‘చీర్స్, డ్రైవ్!’ అని డ్రైవరునకు కేకవేసి దిగును. కొత్తగా వచ్చిన మన పిల్లవాడు బెదరువిడిచి ఆ రెండు ముక్కలను పలికిన దినమే, నా దృష్టిలో, వాని చదువు మొదలైన దినము.

ఆ బస్సులకే యొక చరిత్ర కలదు. దానిని దాటిపోవుటకు మనసొప్పదు. 1963లో బ్రిస్టల్ ఆమ్నిబస్ కంపెనీ నల్లవారిని, ఆసియావారిని బస్సులపై పనికి తీసికొనెడిది కాదు. గై బెయిలీ యను జమైకా యువకునికి ఇంటర్వ్యూ కుదిరినది. మనిషిని చూచిన పిమ్మట అది రద్దైనది. ఇంగ్లీషు చిన్ననాటి నుండి ఎఱిగినవాడే. భాషలో లోపము లేదు, లోపమని వారెంచినది వర్ణము. పాల్ స్టీఫెన్సన్ మున్నగువారు బస్సుల బహిష్కారమునకు పిలుపునిచ్చిరి, విద్యార్థులు ఊరేగిరి, ఆగస్టు 28న కంపెనీ తలయొగ్గినది. సెప్టెంబరులో తొలుత కండక్టరుగా చేరిన శ్వేతేతరుడు రఘ్బీర్ సింగ్ అను సిక్కు. చక్కని ఇంగ్లీషు ఒక్కటియే సకల ద్వారములను తెఱచునని పిల్లలకు నూరిపోయు తల్లిదండ్రులు ఈ ఉదంతమును తప్పక చదువవలెను. ద్వారమును తెఱచినది ఊరివారు కలిసి నడచిన నడక.

తక్కిన చరిత్రను సంగ్రహముగా చెప్పుదును. 1497లో జాన్ కాబటు ఉత్తరమెరికా వైపు తెరచాప యెత్తినది ఈ రేవు నుండియే. 1698 మొదలు 1807 వఱకు ఇచటినుండి బయలుదేరిన ఓడలు రెండువేలకు పైగా. ఆఫ్రికానుండి అవి బానిసలుగా మోసికొనిపోయినవారు దాదాపు అయిదు లక్షలు. ఏవన్ నదిలోని పోటుపాట్లకు ఓడలు బురదలో ఒరగిపోకుండ, నీటిని నిలువగట్టిన రేవు 1809లో పూర్తియైనది. బ్రూనెలు నిర్మించిన ఎస్‌ఎస్ గ్రేట్ బ్రిటన్ అను ఇనుప నావ 1843లో ఇచటనే జలప్రవేశము చేసి, 1970లో శిథిలమై ఇచటికే తిరిగివచ్చెను. బానిస వర్తకుడైన ఎడ్వర్డ్ కోల్‌స్టన్ విగ్రహమును 2020 జూన్ 7న జనులు పెకలించి ఆ రేవునీటనే ముంచిరి.

వీసా మాట

ఆరు నెలలలోపు ఇంగ్లీషు చదువునకు, గుర్తింపు గల పాఠశాలయైనచో, సందర్శకుల వీసా చాలును. ఆరు నెలలు దాటి పదునొకండు నెలలవఱకు ‘షార్ట్ టర్మ్ స్టడీ’ వీసా వేరుగా కలదు. ఈ రెంటిలో దేనిపైనను అచట ఉద్యోగము చేయరాదు. గనుక ఖర్చంతయు ఇంటినుండి రావలసినదే. రుసుము కట్టుటకు మునుపే పాఠశాల గుర్తింపును సరిచూచుకొనవలెను.

తెలుగునాటి సంబంధము

రాయలవారు నాటిన బ్రహ్మసమాజము గోదావరీ తీరమున వీరేశలింగము పంతులుగారిని, కాకినాడలో రఘుపతి వెంకటరత్నము నాయుడుగారిని కదిలించినది. ఆ పేరు విని పెరిగిన ఇండ్లు ఆ జిల్లాలలో నేటికిని కలవు.

చూడదలచినవారికి

1843లో రాయలవారి కళేబరమును ఆర్నోస్ వేల్ శ్మశానవాటికకు తరలించిరి. సమాధిపై వంగదేశపు రీతి ఛత్రి కట్టించినవాడు ద్వారకానాథ ఠాకూరు. నమూనా గీసినవాడు విలియం ప్రిన్సెప్. 1872లో చెక్కిన శాసనము ఆయన బహుభాషా ప్రావీణ్యమును ప్రత్యేకముగ పేర్కొనుచున్నది. కాలేజ్ గ్రీన్‌లో ఆయన నిలువెత్తు విగ్రహము, బ్రిస్టల్ మ్యూజియమున హెన్రీ పెరోనెట్ బ్రిగ్స్ రచించిన చిత్తరువు కలవు. వర్ధంతి సెప్టెంబరు 27. అచటి విశ్వవిద్యాలయములు తెఱచుటయు ఆ దినములలోనే కావున, కొత్తగా దిగిన విద్యార్థి అందులకై వేఱుగ ప్రయాణము పెట్టుకొనవలసిన పని లేదు.